నలుగురు వాడే ఫ్రిజ్‌లో బూజు: ఖాళీ చేయడం దగ్గర నుంచి మళ్లీ పట్టకుండా చూసుకోవడం దాకా

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో నలుగురైదుగురు కలిసి ఉండే అద్దె ఇంట్లో ఫ్రిజ్ ఒకటే ఉంటుంది. ఒకరిది ఆస్పత్రిలో నైట్ డ్యూటీ, ఒకరిది కోచింగ్, ఇంకొకరిది కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు. ఆదివారం ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన డబ్బాలన్నీ అందులోకి చేరతాయి. వాటి ముందు పాల ప్యాకెట్లు, దోశ పిండి గిన్నె వచ్చి కూర్చుంటాయి. గురువారానికల్లా వెనకున్న డబ్బా ఎవరిదో ఎవరికీ తెలియదు. ఎవరిదో తెలియని డబ్బాను ముట్టుకోవడానికి అందరికీ మొహమాటమే. బూజు పట్టేది అక్కడే.

ఫ్రిజ్ బూజును ఆపదు, ఆలస్యం చేస్తుంది, అంతే. 4 డిగ్రీల చల్లదనంలో కూడా చాలా రకాల బూజులు మెల్లగా పెరుగుతాయి. లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా కూడా ఆ చలిలో పెరగగలదు. ఇంకో సంగతి ముందే మనసులో పెట్టుకోండి: ఆకుపచ్చగా, నూగుగా కనిపించే బూజును చూసి ఎవరైనా ఆగిపోతారు. ఏ మచ్చా లేకుండా, వాసన కూడా రాకుండా ఉన్న మూడు రోజుల అన్నమే మనిషిని ఎక్కువగా పడకేయిస్తుంది. అందుకే కంటితో, ముక్కుతో తేల్చుకునే అలవాటు మాని తేదీతో తేల్చుకోవాలి. ఈ పద్ధతి మొత్తానికి ఆధారం అదే.

ఖాళీ చేసే రోజు

మునిసిపాలిటీ చెత్త బండి పొద్దున వస్తుంది కాబట్టి, ముందు రోజు సాయంత్రం పని పెట్టుకోండి. తీసిన తిండి పగటి ఎండలో, వేడిలో పడి ఉండకుండా పొద్దున్నే వెళ్లిపోతుంది. ఫ్రీజర్‌లో ఐసు గడ్డకట్టిన సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఐసు కరగడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది, ఆ లెక్కన మధ్యాహ్నమే మొదలుపెట్టాలి.

ఒక రోజు ముందు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. గొడవలు రాకుండా ఉండాలంటే మాట సూటిగా, మర్యాదగా ఉండాలి: "రేపు సాయంత్రం ఆరింటికి ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నాం. కావాల్సిన డబ్బా మీద పేరు రాసి పెట్టండి. పేరు లేనివి తీసేస్తాం. గిన్నెలు పారేయం, కడిగి గట్టు మీద పెడతాం." ఆ చివరి మాట తప్పకుండా రాయాలి. మన ఇళ్లలో స్టీలు డబ్బాల మీద అమ్మ పేరో, నాయనమ్మ పేరో చెక్కించి ఉంటుంది. డబ్బా పోతుందన్న భయంతోనే చాలామంది లోపలి తిండి పాడైందని తెలిసినా పట్టనట్టు ఉంటారు.

కావాల్సినవి: మందపాటి చెత్త కవర్లు నాలుగు, రబ్బరు గ్లౌజులు, మాస్కు, పాత న్యూస్‌పేపర్లు, వంట సోడా 100 గ్రాములు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తని స్పాంజి, పాత టూత్ బ్రష్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, పొడి గుడ్డలు మూడు. ఆస్తమా ఉన్నవాళ్లకు, బూజు వాసనకు దగ్గు వచ్చేవాళ్లకు ఈ పని అప్పగించవద్దు.

1. ఫ్రిజ్ స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి. ఫ్రీజర్ తలుపు తెరిచి, లోపల ఒక గిన్నెలో వేడి నీళ్లు పెడితే ఐసు త్వరగా కరుగుతుంది. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐసును పొడవకండి. ఫ్రీజర్ గోడలోనే గ్యాస్ గొట్టాలుంటాయి, చిన్న చిల్లు పడినా గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్ 600 ఏ గ్యాస్ మండే గుణం ఉన్నది కూడా.

2. తినదగినవాటిని ముందు వేరు చేయండి. పేరు, తేదీ ఉన్నవి, సీలు తీయని పాల ప్యాకెట్లు, ఐసు ముక్కలతో కలిపి ఒక థర్మాకోల్ పెట్టెలోనో బకెట్‌లోనో పెట్టి మూత వేయండి.

3. బూజు కనిపిస్తున్న డబ్బాను లోపల ఉండగా తెరవకండి, వాసన చూడకండి. బూజు మీద కనిపించే పొడి దాని సిద్ధబీజాలు, అంటే కొత్త బూజు మొలిచే విత్తనాల లాంటివి. మూత తీసిన కుదుపుకే అవి గాలిలోకి లేచి పక్కనున్న పెరుగు మీద, కూరగాయల మీద వాలతాయి. పారేయగలిగిన ప్లాస్టిక్ డబ్బాను మూతతో సహా న్యూస్‌పేపర్‌లో చుట్టి కవర్లో వేసి మూతి కట్టేయండి.

4. స్టీలు డబ్బా దక్కించుకోవాలంటే ఆరు బయటికి తీసుకెళ్లండి. మాస్కు పెట్టుకుని, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి, మూత రవ్వంత తీసి ముందు సబ్బు నీళ్లు పోయండి. తడిస్తే పొడి లేవదు. తర్వాత కవర్లోకి వంచేయండి. మూత ఉబ్బి ఉంటే లోపల గ్యాస్ పట్టిందని గుర్తు. మీ ముఖానికి దూరంగా పట్టుకుని, ఒక అంచు నుంచి మెల్లగా తీయాలి.

5. పులుసు, నూనె కూరలు సింకులో పోయకండి. నూనె గొట్టంలో గడ్డకట్టి నాలుగు రోజుల్లో నీళ్లు దిగడం మానేస్తాయి. న్యూస్‌పేపర్ ముక్కలు వేస్తే అవి పీల్చుకుంటాయి, అప్పుడు తడి చెత్తలో వేయండి.

6. బూజు పట్టిన అన్నం, రొట్టె వీధిలో ఆవులకు, కుక్కలకు పెట్టవద్దు. పారేయడం పాపమన్న మంచి మనసుతోనే పెడతారు గానీ, బూజులు తయారుచేసే విషాలు పశువులకూ హాని చేస్తాయి.

ఖాళీ అయిన స్టీలు, గాజు గిన్నెలను సబ్బుతో తోమి, మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితే మళ్లీ వాడుకోవచ్చు. గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాను మాత్రం పారేయడమే నయం, ఆ గీతల్లోకి స్పాంజి పోదు. మూతకు ఉండే రబ్బరు రింగును పిన్నుతో బయటికి లాగి చూడండి, కడిగామనుకున్న డబ్బాలో బూజు దాక్కునేది దాని కిందే.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి

పైన పట్టిన బూజు గీకేసి కింద ఉన్నది తినడం మన ఇళ్లలో పాత అలవాటు. మనకు కనిపించే నూగు పైభాగమే, దాని దారాలు మెత్తని పదార్థంలోకి లోతుగా దిగిపోయి ఉంటాయి. కూర, పప్పు, అన్నం, పెరుగు, పిండి, బ్రెడ్, పచ్చళ్లు, ఉడికిన చేప, మాంసం, మెత్తని పండ్లు: వీటిలో ఒక్క చుక్క బూజు కనిపించినా మొత్తం పారేయాలి. వేడి చేస్తే సరిపోతుందన్న మాట కూడా నిజం కాదు. వేడికి బూజు చస్తుంది గానీ, అది వదిలిన విషాల్లో చాలావాటికి వంటింటి మంట చాలదు. క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టి కూరగాయలకు మాత్రం మినహాయింపు ఉంది. మచ్చ చుట్టూ, దాని కింద కూడా 2.5 సెంటీమీటర్ల మేర కోసేయాలి. కత్తి బూజుకు తగలకూడదు, తగిలితే అదే కత్తి మంచి భాగానికి అంటిస్తుంది.

కడగడం

గాజు పలకలను తీసి అరగంట బయట ఉంచండి. చల్లగా ఉన్న గాజు మీద వేడి నీళ్లు పోస్తే పగులుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల వంట సోడా కలిపి, పై నుంచి కిందికి తుడుచుకుంటూ రండి. ఇనుప పీచు వాడకండి. ప్లాస్టిక్ గోడల మీద పడిన ప్రతి గీతా రేపటి బూజుకు చోటు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వారం తిరిగేసరికి వాసన మళ్లీ వస్తుంది. కారణం మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది తలుపు చుట్టూ ఉండే రబ్బరు. దాని మడతలు వేలితో విప్పి చూస్తే నల్లని చుక్కలు కనిపిస్తాయి. పాలు, పులుసు చుక్కలు ఆ మడతలో పడి, తేమతో కలిసి నల్ల బూజుగా మారతాయి. ముందు సబ్బు నీళ్లతో టూత్ బ్రష్ పెట్టి తోమండి. ఆ తర్వాత కూడా నలుపు మిగిలితే లీటరు నీళ్లలో మూడు టీస్పూన్ల ద్రవ బ్లీచు కలిపి, దూది పుల్లతో రాసి, పది నిమిషాల తర్వాత మంచి నీళ్లతో తుడవండి. ద్రవ బ్లీచు అంటే సోడియం హైపోక్లోరైట్, వాసన కలపనిది. నీటి ట్యాంకుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ వేరు, ఈ కొలత దానికి వర్తించదు. బ్లీచుతో పాటు వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసిన వంటగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

రెండోది లోపల వెనక గోడ కింద ఉండే నీటి రంధ్రం. వెనక గోడకు పట్టిన చెమట ఆ రంధ్రం గుండా బయటికి పోవాలి. కరివేపాకు రెబ్బో, మెతుకో అడ్డం పడితే నీళ్లు కూరగాయల ట్రే కింద నిలుస్తాయి. దూది పుల్లతో అడ్డు తీసి, చిన్న గ్లాసుడు గోరువెచ్చని సోడా నీళ్లు మెల్లగా పోయండి. నీళ్లు వెంటనే దిగిపోతే దారి బాగున్నట్టే.

మూడోది ఆ నీళ్లు చేరే ట్రే. చాలా ఫ్రిజ్‌లలో ఇది వెనక కంప్రెసర్ మీద ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. మురికి నీళ్లు, దుమ్ము కలిసి జిగురు కట్టి, కంప్రెసర్ వేడికి కుళ్లిన వాసన కొడుతుంది. ఫ్రిజ్ లోపల ఏమీ లేకపోయినా వాసన వస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి. ప్లగ్గు తీసి ఉండగానే స్పాంజితో నీళ్లు పీల్చి, సబ్బుతో కడగండి.

చివరగా పొడి గుడ్డతో తుడిచి, తలుపు తెరిచి అరగంట ఆరనివ్వండి. వాసన కోసం కోసిన నిమ్మచెక్కలు లోపల పెట్టే అలవాటు వద్దు, వారం తర్వాత బూజు పట్టేది అవే. వెడల్పు గిన్నెలో నాలుగు చెంచాల వంట సోడా పోసి మూత లేకుండా పెడితే చాలు. నెలకోసారి మార్చాలి.

చలి సరిపోతోందా

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి. 5 దాటితే తిండి ఆయుష్షు తగ్గిపోతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో తిప్పే చక్రం మీద అంకెలు డిగ్రీలు కావు, చలి ఎంత కావాలో చెప్పేవి. 1 అంటే తక్కువ చలి, 5 గానీ 7 గానీ అంటే ఎక్కువ చలి. దీన్ని తలకిందులుగా అనుకుని, మే నెలలో 1 మీద పెట్టి నడిపే ఇళ్లు చాలా ఉన్నాయి.

చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనండి. దాన్ని గాలిలో పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె మారుతుంది. గ్లాసు నీళ్లలో ముంచి, మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున ఎవరూ తలుపు తీయకముందే చూడండి. కడిగిన ఫ్రిజ్‌ను మళ్లీ నడిపినప్పుడు నాలుగైదు గంటలు ఖాళీగా వదిలి, తర్వాతే తిండి పెట్టాలి.

నెల్లూరు, ఒంగోలు మే ఎండల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు చక్రాన్ని మధ్య కన్నా ఒక మెట్టు పైకి తిప్పండి. ఫ్రిజ్ వెనక, పక్కల 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. గోడకు ఆనించి, పైన బట్టల మూట పెట్టిన ఫ్రిజ్ వేడి బయటికి పంపలేక కంప్రెసర్‌ను ఆపకుండా తిప్పుతూనే ఉంటుంది, లోపల మాత్రం చలి చాలదు. లోపల కూడా మూడింట రెండు వంతులే నింపాలి. డబ్బాల మధ్య గాలి తిరగకపోతే వెనక ఉన్నది గడ్డకడుతుంది, ముందున్నది పులుస్తుంది.

తలుపు బిగుతు చూడటానికి పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే అక్కడ రబ్బరు వదులైనట్టు. నాలుగు వైపులా చూడాలి.

పెట్టే పద్ధతి

వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా గంటే అనుకోండి. హోటల్ బిర్యానీ పార్శిల్‌కు లెక్క మీరు కొన్నప్పటి నుంచి కాదు, వాళ్లు దించినప్పటి నుంచి. రాత్రి పదింటికి తెచ్చి, సగం తిని, మిగిలింది పన్నెండింటికి లోపల పెడితే గడువు అప్పటికే దాటిపోయింది.

వేడివి పెడితే ఫ్రిజ్ పాడవుతుందని పూర్తిగా చల్లారేదాకా, అంటే నిద్రపోయేదాకా, బయట వదిలేస్తారు. పెద్ద గిన్నెడు మరిగే చారు పెడితే పక్కవాళ్ల పాలు వేడెక్కే మాట నిజమే. అందుకని గంటలు ఆగాల్సిన పని లేదు, త్వరగా చల్లార్చే దారి వేరే ఉంది. అన్నాన్ని వెడల్పు పళ్లెంలో రెండు వేళ్ల మందానికి మించకుండా పరిచి, పలుచని గుడ్డ కప్పి, ఫ్యాన్ కింద అరగంట ఉంచండి. పప్పు, పులుసు గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి గరిటెతో కలుపుతూ ఉండండి. తర్వాత లోతు 5 సెంటీమీటర్లు దాటని వెడల్పు డబ్బాల్లోకి మార్చండి. లోతైన గిన్నెలో అంచులు చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, అక్కడే పాచిపోవడం మొదలవుతుంది.

ఆవిరి ఉండగా మూత బిగించకండి. మూత లోపలి వైపు నీటి చుక్కలు కట్టి తిండి మీద రాలతాయి. అన్నం డబ్బాలో బూజు ముందు కనిపించేది ఆ చుక్కలు పడిన చోటే.

లేబుల్‌కు పెయింట్ల షాపులో దొరికే మాస్కింగ్ టేపు ఒక్క అంగుళం వెడల్పుది, చెరగని మార్కర్ చాలు. రెండూ దారంతో ఫ్రిజ్ తలుపు పిడికే కట్టండి, వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ రాయరు. డబ్బా పొడిగా ఉండగా, లోపల పెట్టకముందే అంటించాలి, చెమట పట్టిన డబ్బాకు టేపు నిలవదు. మూత మీద కాదు, డబ్బా పక్కన అంటించండి, మూతలు మారిపోతుంటాయి. రాయాల్సింది మూడే: పేరు, వండిన రోజు, ఏ రోజులోపు తినాలి. "సుజాత, ఆదివారం వండింది, మంగళవారం లోపు" అంటే చాలు. ఏ కూరో రాయకపోయినా ఫరవాలేదు, మూడో ముక్క మాత్రం తప్పకూడదు. పారేసే మనిషికి అధికారం ఇచ్చేది ఆ ముక్కే.

అరల పంపకం: ఉడికినవి పైన, పచ్చివి కింద. పచ్చి చేప నీళ్లు కింద ఉన్న పెరుగులో కారితే ఎంత కడిగినా లాభం లేదు. శాకాహారులు ఉన్న గదిలో ఈ అమరికతో ఇంకో గొడవ కూడా తీరుతుంది, పై అర పూర్తిగా వాళ్లకు వదిలి, నీసు కింది అరలో బిగుతు మూత డబ్బాల్లో పెట్టాలి. మనిషికి ఒక ప్లాస్టిక్ బుట్ట ఇచ్చి, అందులో పట్టినన్నే పెట్టుకోవాలన్నది మంచి నియమం. ఊరి నుంచి వచ్చిన క్యారియర్‌ను అలాగే లోపలికి తోయకుండా, వచ్చిన రాత్రే చిన్న డబ్బాల్లోకి మార్చి, క్యారియర్ కడిగి సంచిలో పెట్టేసుకోవాలి.

మన ఇళ్లలో ఉండేవి, వాటి గడువులు

అన్నం: ఫ్రిజ్‌లో ఒక్క రోజు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా బయట ఉన్నప్పుడు అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషానికి మళ్లీ వేడి చేసినా ఏమీ కాదు. అందుకే పులిహోర కలిపినా, ఫ్రైడ్ రైస్ చేసినా పాత అన్నం బాగుపడదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. రాత్రి నీళ్లో మజ్జిగో పోసి పొద్దున్నే తినేసే చద్దన్నం సంగతి వేరు, మూడు రోజులు మరిచిపోయిన అన్నాన్ని ఆ పేరుతో తినకండి.

చేపల పులుసు: నెల్లూరు మనిషికి రెండో రోజు పులుసు రుచి గురించి చెప్పక్కర్లేదు. చింతపండు, మామిడికాయ పులుపు ముక్కలోకి దిగడానికి ఆ రాత్రి కావాలి. ఆ పులుపు బ్యాక్టీరియాను కొంత నెమ్మదింపజేస్తుంది గానీ, వేసవి రాత్రి గట్టు మీద మట్టి చట్టిలో వదిలేయడానికి అది హామీ కాదు. చల్లార్చి గాజు గానీ స్టీలు గానీ డబ్బాలో పెట్టండి, అల్యూమినియం గిన్నెను పులుపు తినేస్తుంది. ఫ్రిజ్‌లోనూ ఆ రుచి దిగుతుంది. మూడో రోజుకు ముగించాలి. తినేంత వరకే వేరే గిన్నెలోకి తీసి కుతకుత ఉడికించండి. మొత్తం చట్టిని రోజుకోసారి వేడి చేసి మళ్లీ పెట్టడం వల్ల ప్రతిసారీ అది గోరువెచ్చని దశను రెండుసార్లు దాటుతుంది.

పచ్చి చేపలు, రొయ్యలు: ఒకటి, మహా అయితే రెండు రోజులు. అంతకు మించితే ఫ్రీజర్. కానాగంతలు, కవళ్లు, తూర చేపల విషయంలో జాగ్రత్త. చలి తప్పితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది, వండినా పోదు. ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. రొయ్యల తలల దగ్గర నల్లబడటం బూజు కాదు, వాటిలోని ఎంజైముల వల్ల వచ్చే మార్పు. జిగురు, అమ్మోనియా ఘాటు ఉంటే మాత్రం పారేయాలి.

దోశ పిండి: నాలుగు రోజులు. డబ్బా సగానికే నింపండి, ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పొంగి అరల మీదుగా కారుతుంది. పైన గులాబీ, నారింజ, నల్ల చుక్కలు కనిపిస్తే చెంచాతో తీసి మిగతాది వాడటం వద్దు. పాత పిండి మీద కొత్త పిండి పోయవద్దు, గడువు పాతదానిదే అవుతుంది. కారం దోశకు రుబ్బిన ఎర్రకారం మూడు రోజులు. కొబ్బరి పచ్చడి ఒక్క రోజే.

పప్పు, కూరలు, కోడి కూర: మూడు రోజులు. పప్పు గరిటెతో ఎత్తినప్పుడు తీగలు సాగితే గడువు లోపున్నా పారేయండి.

పెరుగు: ఇంట్లో తోడుపెట్టినది నాలుగైదు రోజులు. పులుపు ఎక్కితే మజ్జిగ పులుసుకు పనికొస్తుంది, రంగు మచ్చ కనిపిస్తే దేనికీ పనికిరాదు.

నిమ్మకాయలు: పొదలకూరు వైపు నుంచి సంచుల కొద్దీ తెచ్చుకునేవాళ్లు రెండు రోజులకోసారి కాయలు చూసుకోవాలి. నిమ్మ మీద వచ్చే పచ్చ బూజు పెన్సిలియం జాతిది, ఒక్క కాయ మీద పట్టినా దాని పొడి చుట్టూ ఉన్నవాటి గీతల్లోకి చేరుతుంది. దెబ్బ తగిలినవి ముందు పిండేసుకుని, మిగతావి తుడిచి, కాగితం వేసిన డబ్బాలో ఉంచండి.

ఆవకాయ: ఫ్రిజ్ అక్కర్లేదు. ముక్క మీద వేలి మందం నూనె నిలవాలి, పొడి గరిటె పడాలి. గదిలో బూజు పట్టిన ఆవకాయకు కారణం దాదాపు ఎప్పుడూ తడి చెంచానే.

మళ్లీ వేడి చేయడం ఒక్కసారే. లోపల దాకా 75 డిగ్రీలకు చేరాలి, అంటే పొగలు వస్తే చాలదు, రెండు మూడు నిమిషాలు మరగాలి.

వారానికి పది నిమిషాలు

అందరూ చూసుకోవాలి అన్న నియమం ఎక్కడా నిలవదు. వారానికి ఒకరి పేరు వంతుగా తలుపు మీద రాసి ఉండాలి. వంతున్న మనిషి, నిర్ణయించిన రోజు సాయంత్రం గడువు దాటినవీ, పేరు లేనివీ అడగకుండా తీసేస్తారు. గడువు రేపటితో అయ్యేవాటికి మాత్రం కబురు పెడతారు: "అన్నా, మీ పులుసు రేపటిదాకే. ఈ రాత్రి తింటారా, ఎవరికైనా ఇచ్చేయమంటారా?" నైట్ డ్యూటీ నుంచి ఆకలితో వచ్చే మనిషికి ఈ మెసేజ్ చూసి ఎంత సంతోషమో. ఒక చిన్న ట్రేను "ఎవరైనా తినొచ్చు" అని రాసి పెడితే పారేసేది బాగా తగ్గుతుంది.

ఈ పది నిమిషాల్లోనే తలుపు రబ్బరు తుడవడం, ఒలికినవి తుడవడం, థర్మామీటర్ చూడటం అయిపోవాలి.

కరెంటు పోయినప్పుడు, ఊళ్లకు పోయినప్పుడు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వానలు నెల్లూరు, ప్రకాశం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. కరెంటు పోగానే టైము తలుపు మీద రాయండి. తలుపు తీయకుండా ఉంచితే లోపలి చలి సుమారు నాలుగు గంటలు ఆగుతుంది. అది దాటితే అన్నం, కూరలు, పాలు, పచ్చి చేపలు, మాంసం పారేయాలి. ఊరగాయలు, కోయని కూరగాయలు, వెన్న ఉంచుకోవచ్చు. విడిగా తలుపున్న ఫ్రీజర్ నిండుగా ఉంటే రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు ఆగుతుంది. సింగిల్ డోర్‌లోని చిన్న ఐసు గదిని అంత నమ్మకండి. తుపాను హెచ్చరిక వినగానే నీళ్ల సీసాలు గడ్డకట్టించి లోపల సర్దితే ఇంకొంత గడువు దొరుకుతుంది.

సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోయే ముందు లోపల వండినది ఏదీ మిగలకూడదు. నాలుగైదు రోజులే అయితే ఫ్రిజ్ నడవనివ్వండి. ఫ్రీజర్‌లో ఒక కప్పు నీళ్లు గడ్డకట్టించి, మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చాక బిళ్ల ఐసు పైనే ఉంటే కరెంటు ఎక్కువసేపు పోలేదు. ఐసులో మునిగి ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, ఫ్రీజర్‌లో ఉన్న చేపలు, మాంసం తీసేయండి.

వారం దాటి పోతుంటే ప్లగ్గు తీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తలుపు మూసుకుపోకుండా మడిచిన తువ్వాలు అడ్డం కట్టండి. ఆపేసి తలుపు మూసిన ఫ్రిజ్‌లో ఒక్క మెతుకు లేకపోయినా, మిగిలిన తేమకే రబ్బరు మడతల్లో, గోడల మూలల్లో నల్ల బూజు లేస్తుంది. తిరిగి వచ్చాక ఒకసారి సోడా నీళ్లతో తుడిచి, ప్లగ్గు పెట్టి, గ్లాసులో థర్మామీటర్ 4 చూపించాకే పాల ప్యాకెట్ లోపల పెట్టండి.